పళ్లు చూసి కావ్యం

పిల్లల చేతికి కావ్యాలు ఏ వయసులో ఇవ్వాలన్న ప్రశ్నకు మానవజాతి ఎట్టకేలకు తుది సమాధానం కనుక్కున్నదనీ, అది పెబ్బేరులో దొరుకుతుందనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రులకు ఒక సంఘం ఉంది. బడిలో నిబంధనలు ఎక్కువైపోయాయని విసిగి బయటికొచ్చినవాళ్లు కాబట్టి, మొదటి సమావేశంలోనే నిబంధనల ఉపసంఘం వేసుకున్నారు. (అతిక్రమణల ఉపసంఘం వేరే ఉంది. వాట్సాప్ గ్రూపులో శుభోదయం పెట్టేవాళ్ల సంగతి అది చూసుకుంటుంది.)

కావ్యాల విషయం మాత్రం చాలాకాలం తెగలేదు. ఐదేళ్లకే ఇచ్చేయాలని గద్వాలవాళ్లు, పన్నెండు నిండాలని నాగర్‌కర్నూల్‌వాళ్లు. సరే, ఏదో ఒక వయసు అనుకున్నా దాన్ని నిరూపించేదెలా? పుట్టినతేదీ పత్రాలున్నాయి కదా అని ఎవరో అమాయకంగా అన్నారు. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో చాలామంది కాగితాల ప్రకారం జూన్ ఒకటినే పుట్టారు. బడిలో వేసేటప్పుడు సారు తనకు తోచినట్టు రాసిన తేదీ అది. అలాంటివాళ్లకు కాగితం మీద నమ్మకం ఎక్కడిది?

అప్పుడు వెంకటన్న లేచాడు. ఆయన పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చే మనిషి, మనవణ్ని ఇంట్లోనే చదివిస్తున్నాడు.

"ఎద్దుకేం కాగితముంటది? నోరు తెరిచి పండ్లు జూస్తే వయసు తెల్వదా?"

చప్పట్లు మోగాయి. పాలపళ్లు ఉన్నంతవరకు బొమ్మల కథలు, కొత్తవి రెండొస్తే నీతికథలు, నాలుగొస్తే శతకాలు, నమిలే పళ్లు కూడా మారాకే కావ్యాలు అని తీర్మానించి, పళ్లు చూసే పని వెంకటన్నకే అప్పగించారు. (నాగర్‌కర్నూల్‌లో ఒక తండ్రి తొందరపడి, కొడుకు కదులుతున్న పన్నుకు దారం కట్టి తలుపుకు ముడేశాడు. అతిక్రమణల ఉపసంఘం వచ్చి తలుపును జప్తు చేసింది.)

వనపర్తిలో సుహాసిని కూతురు శ్రీజకు అప్పటికి ఏడేళ్లు (కాగితం ప్రకారం, అంటే అనధికారికంగా). తాత పెట్టెలో వచనంలో రాసిన పాత కావ్యమొకటి ఆ పిల్లకు దొరికింది. అందులో రాజు వేటకు వెళ్లి అడవిలో దారి తప్పాడు. చీకటి పడింది. శ్రీజ అక్కడిదాకా చదివేసరికి తీర్మానం గ్రూపులో పడింది. సుహాసిని పుస్తకం లాక్కుని బీరువా మీద పెట్టింది.

ఇక పిల్లకు అన్నం సయించలేదు. "అమ్మా, రాజు ఇంటికొచ్చిండా?" అని పొద్దున లేస్తూనే అడిగేది. "పండ్లు రానీ బిడ్డా" అని తల్లి వంటింట్లోకి పోయేది. అక్కడ నిలబడి బాధపడేది కూడా. పుస్తకం దించి ఇవ్వడం ఎంతసేపు? కానీ సంఘంలోవాళ్లు ఒకరి పిల్లలకొకరు పాఠాలు చెప్పుకుంటారు; వెలివేస్తే శ్రీజకు లెక్కలు ఎవరు చెబుతారు? నలుగురితో కలిసి తప్పు చేయడం సుహాసినికి అలవాటే గాని, ఒంటరిగా చేయాలంటే భయం.

చివరికి మినహాయింపు అడుగుదామని సంత రోజున పిల్లను పెబ్బేరు తీసుకెళ్లింది. వెంకటన్న ఎడ్ల మధ్యనుంచి బయటికొచ్చి, చేతులు కడుక్కుని (ఇది తర్వాత చేర్చిన నిబంధన), శ్రీజ నోట్లోకి తొంగి చూశాడు.

"పైన రెండు ఊడినయ్, కొత్తయి ఇంక రాలే. నీతికథలకే తక్కువైతది చెల్లె."

"జర చూడన్నా. పిల్ల పరేషానైతుంది."

"నీకిస్తే అందరడుగుతరు."

శ్రీజ ఇద్దర్నీ చూసి, "మామా, పుస్తకం వద్దు తియ్. రాజు ఇంటికొచ్చిండా లేదా, గదొక్కటి చెప్పు" అంది.

వెంకటన్న తలగుడ్డ సర్దుకున్నాడు. "నాకు తెల్వదు బిడ్డా. నేను సదవలే."

మనిషి మంచివాడు. అక్కడే నిలబడి నిబంధనల ఉపసంఘం సభ్యులందరికీ ఫోన్లు చేశాడు. ఒక్కరికీ తెలియదు. (నిర్ణయించేవాళ్లు పుస్తకం చదివి ఉంటే పక్షపాతం చూపే ప్రమాదముందని, చదవనివాళ్లనే ఏరి వేసుకున్నారు.)

పళ్లు రావడాన్ని ఏ సంఘమూ ఆపలేదు. కొన్నేళ్లకు శ్రీరంగాపూర్‌లో జరిగిన వార్షిక సమావేశంలో శ్రీజను వేదిక మీదికి పిలిచి, నోరు తెరిపించి, కావ్యార్హురాలని ప్రకటించి శాలువా కప్పారు. సుహాసిని ఇంటినుంచి దుమ్ము దులిపి తెచ్చిన పుస్తకాన్ని కూతురి చేతిలో పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

శ్రీజ ఫోనులోంచి తలెత్తింది. "గిదేంది?"

"నీ పుస్తకం బిడ్డా. రాజు ఇంటికొచ్చిండో లేదో చూస్కో."

"ఏ రాజు?"

సుహాసిని పుస్తకాన్ని మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. ఉపసంఘం మాత్రం అమ్మాయిని చాలా శ్రద్ధగా పరిశీలించింది. పుస్తకం చదవలేదు, చదవాలన్న కోరికా లేదు, పక్షపాతానికి ఎక్కడా తావు లేదు. అదే వేదిక మీద ఆమెను ఏకగ్రీవంగా ఉపసంఘంలోకి తీసుకున్నారు.