ఎక్కిన చోటే దిగేవాళ్ళు

“ఇవాళే గనక ఎవ్వరూ ఎక్కకపోతేనో?” అంది తల్లి, పొయ్యి మీద పాలు ఇంకా పొంగకముందే.

కూతురు అద్దం ముందు నిలబడి డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుంటోంది. ఆ పిల్ల సిటీ బస్సు డ్రైవరు. “రోజూ ఎక్కేవాళ్ళు ఇవాళా ఎక్కుతారమ్మా.”

“వాళ్ళకి జ్వరాలొస్తేనో? అందరికీ ఒక్కసారే?”

“ఊరంతటికీ ఒక్కసారే జ్వరమొస్తే ఇక బస్సు సంగతి ఎవడిక్కావాలోయ్?” అన్నాడు తండ్రి, మొహానికి అడ్డంగా ఉన్న పేపరు దించకుండా.

తల్లి భయానికి ఈసారి కారణం లేకపోలేదు. కూతురు నడిపే బస్సు వాళ్ళింటి ముందు నుంచే వెళ్తుంది. దాని వెనక తలుపు తాడుతో కట్టి ఉంటుంది. వానొస్తే లోపల కూడా గొడుగు వేసుకోవాలి. గేరు మార్చాలంటే మనిషి సగం లేచి నిలబడాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పిల్ల చాప మీద బోర్లా పడుకుంటే, తల్లి నడుముకి వేణ్ణీళ్ళ కాపడం పెడుతూ చాటుగా కళ్ళు తుడుచుకునేది. ఇన్నాళ్ళకి కరెంటు బస్సులు వస్తాయన్నారు. వాటికి పొగ లేదు, కుదుపు లేదు, స్టీరింగు వేలితో తిప్పితే తిరుగుతుందట. సర్కారు దగ్గర డబ్బు లేక ఒక పెద్ద బ్యాంకు అప్పిస్తానంది. ఇచ్చేముందు ఏ దారిలో జనం ఉన్నారో కళ్ళారా చూడాలని, ఇవాళ పొద్దున ట్రిప్పులో బ్యాంకు ఆఫీసరూ, ఒక ఇంజనీరమ్మా ఎక్కుతున్నారు. జనం ఉంటే ఈ దారికి కొత్త బస్సులు. లేకపోతే ఉన్న బస్సు కూడా ఊడిపోతుంది.

“సగం నిండినా చాలన్నారు. రోజూ అంతకంటే ఎక్కువే ఉంటారు,” అని చెప్పులేసుకుంటూ కూతురు వెనక్కి తిరిగింది. “అమ్మా, నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు.”

“నేనేం చేస్తానే?” అంది తల్లి. ఆ క్షణానికి అది నిజమే.

కాసేపటికి బస్సు డిపోలోంచి వచ్చి, మొదటి స్టాపుకి ఇంటి ముందు నుంచి ఖాళీగా వెళ్ళింది. ఆ వేళకి అది రోజూ ఖాళీగానే వెళ్తుంది. కానీ ఇవాళ ఆ ఖాళీ సీట్లు చూసేసరికి తల్లి ఇక ఆగలేకపోయింది. పాలగిన్నె దించి, పమిట బిగించి, పక్కింటి దర్జీ ఆవిడ దగ్గరికి పరుగెత్తింది.

“వదినా, నీకు పుణ్యముంటుంది, ఇవాళ మా పిల్ల బస్సెక్కి కూర్చో.”

“ఎక్కడికి వెళ్ళాలి?”

“ఎక్కడికీ వద్దు. ఊరికే కూర్చో. బ్యాంకువాళ్ళొస్తున్నారు. నీకు తెలిసినవాళ్ళని నలుగుర్ని తీసుకురా. కాస్త మంచి బట్టలు కట్టుకోండి.”

ఇంతే చెప్పింది. దర్జీ ఆవిడ అంతే చెప్పి ఊరుకున్నా బాగుండేది. కానీ ఎక్కడికీ వెళ్ళని బస్సు, బ్యాంకువాళ్ళు, మంచి బట్టలు అన్న మూడు ముక్కలూ ఆవిడ మనసులో చక్కగా అతుక్కున్నాయి. అవి ఇస్త్రీ బండివాడి దగ్గరికొచ్చేసరికి బ్యాంకువాళ్ళు బస్సులో అప్పులిస్తున్నారని అయింది. వీధి చివరికి చేరేసరికి అడిగినవాళ్ళకి అడిగినంత అని అయింది. రిటైరైన మాస్టారు ఒక్కరికే తల్లి తానుగా వెళ్ళి, “బస్సు తీసేస్తారేమోనని భయంగా ఉందండీ,” అని చెప్పింది. ఆయన ఉద్యమం అనుకుని పొద్దున నడిచే స్నేహితులందర్నీ వెంటబెట్టుకొచ్చాడు.

బస్సు మలుపు తిరిగేసరికి స్టాపులో వీధి వీధంతా నిలబడి ఉంది. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో అప్పు కాగితాలకి ఫోటోలు. తల్లి అందరికంటే ముందెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. అద్దంలో కూతురి కళ్ళు ఆమెని చూశాయి, వెనకొస్తున్న జనాన్ని చూశాయి, మళ్ళీ ఆమెని చూశాయి.

“నేనేం చెయ్యలేదే,” అంది తల్లి మెల్లిగా.

“టికెట్, టికెట్!” అన్నాడు కండక్టరు ఊపిరాడక.

“అప్పులోంచి పట్టుకోమనండి,” అంది దర్జీ ఆవిడ.

ఆఫీసరూ, ఇంజనీరమ్మా మధ్యలో నలిగిపోతూ నిలబడ్డారు. ఇస్త్రీ బండివాడు ఫోటో పైకెత్తి, “అయ్యా, మాకూ ఇవ్వండి! చాన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాం!” అన్నాడు. ఆఫీసరు జీవితంలో ఎవరూ బస్సు కోసం ఇంతగా బతిమాలడం చూళ్ళేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. “తప్పకుండా ఇస్తాం. అందరికీ ఇస్తాం,” అన్నాడు. బస్సు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి.

ఇంజనీరమ్మ మాస్టారిని అడిగింది. “మీరెక్కడ దిగుతారండీ?”

“ఎక్కిన చోటే.”

“మరి మీరు?”

“ఎక్కిన చోటే,” అంది దర్జీ ఆవిడ.

“చూశారా సార్, పాపం, తొక్కిడిలో దిగాల్సిన చోట దిగలేక మళ్ళీ ఎక్కిన చోటికే వచ్చేస్తున్నారు!” అంది ఇంజనీరమ్మ.

తర్వాతి స్టాపులో ఆసుపత్రి ఆయా ఒకామె చెయ్యెత్తి నిలబడింది. రోజూ అక్కడే ఎక్కే మనిషి. తలుపు తెరుచుకునే వీలే లేదు. బస్సు ఆగినట్టే ఆగి కదిలిపోయింది. అద్దంలోంచి ఆ ఎత్తిన చెయ్యి వెనక్కి వెనక్కి పోవడం తల్లి చూసింది. దిగిపోదామనుకుంది. దిగడానికి తనకే దారి లేదు.

అప్పుడే ఆఫీసరు ఆమె వైపు వంగాడు. “అమ్మా, రోజూ ఇంతేనా?”

కండక్టరు తల్లిని చూశాడు. అద్దంలోంచి కూతురు చూసింది. రోజూ ఇందులో సగమేనండీ అంటే సరిపోయేది. సగమే చాలన్నారు కూడా. కానీ సగం అన్న మాట నోటి దాకా వచ్చేసరికి ఆమెకి పావులా తోచింది, పావు కాస్తా సున్నాలా తోచింది.

“ఇవాళే కాస్త పలచగా ఉందండీ,” అంది.

నెల తిరక్కుండానే కబురు పేపర్లో వచ్చింది. తండ్రి పైకి చదివాడు. ఈ దారిలో జనానికి బస్సులు ఏ మూలకీ చాలవని తేలిందట. అందుకని స్తంభాల మీద రైలు వేస్తారట.

“రైలే! నేను చెప్పలా!” అంది తల్లి చేతులు జోడించి.

“పూర్తిగా విను. రైలు వేసేదాకా రోడ్డు తవ్వుతారు. బస్సు తీసేశారు. కొత్త బస్సులు పక్క దారికిచ్చారు.”

“రైలెప్పుడొస్తుందండీ?”

“మన మనవలు వాళ్ళ మనవల్ని ఎక్కిస్తారులే,” అన్నాడు తండ్రి. పేపరు మడిచాడు గానీ నవ్వలేదు.

కూతుర్ని ఊరి ఆ చివరి దారికి మార్చారు. కొత్త బస్సు రాలేదు సరికదా, ఆ తాడు కట్టిన పాత బస్సునే వెంట పంపించారు. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది. చీకటితోనే లేచి వెళ్ళిపోయేది, వచ్చి తినేది, కంచం కడిగేది. కాపడం పెడతానంటే గోడ వైపు తిరిగి పడుకునేది. వీధికి అడ్డంగా రేకులు పాతారు. వాటి పక్కన దుమ్ములో నడిచి అందరూ దూరపు స్టాపుకి వెళ్తున్నారు. ఆసుపత్రి ఆయా కూడా. “అప్పు రాలేదు, ఉన్న బస్సూ పోయింది వదినా,” అంది దర్జీ ఆవిడ.

ఒకరోజు తల్లి కూడా దూరపు స్టాపుకి నడిచింది. రెండు బస్సులు మారి, ఊరి ఆ చివరికి వెళ్ళి, తాడు కట్టిన తలుపున్న బస్సు ఎక్కింది. బస్సులో కండక్టరు తప్ప ఎవరూ లేరు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

“నడుం ఎలా ఉందే?”

కూతురు సగం లేచి గేరు మార్చింది.

“ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఈ పాటికి నీకు కొత్త బస్సు వచ్చుండేది.”

కిటికీ అద్దాలు గలగలలాడాయి.

“ఇదీ ఇంత ఖాళీగా ఉందేమే? ఇదీ తీసేస్తేనో? పోనీ నేను ఎవర్నైనా...” అని, కండక్టరు ఉలిక్కిపడి చూడడంతో నాలుక్కరుచుకుంది.

“టికెట్టు ఎక్కడికమ్మా?” అన్నాడతను జాలిగా.

ఈ దారిలో ఒక్క స్టాపు పేరూ ఆమెకి తెలియదు. “ఎక్కడికి తీసుకోనే?” అని అడిగింది.

ఒక సిగ్నలు పడింది. పచ్చగా మారింది. ఒక మలుపు వచ్చింది, వెళ్ళింది. తల్లి చేతిలో చిల్లర చెమటకి తడిసింది. ఇక రాదు జవాబు అనుకుని కిటికీ వైపు తిరిగింది. అప్పుడు అద్దంలో ఆ కళ్ళు ఆమె మీదికి వచ్చి ఆగాయి.

“ఎక్కిన చోటికే తీసుకోమ్మా,” అంది కూతురు. “ఇవాళ కాస్త పలచగా ఉంది.”