రూట్ మూడులో రెండో వెల్డా

"మన పీకాన్ ఫ్లాట్ ఊళ్ళో ఇంతవరకు పెద్ద నేరం ఒక్కటీ జరగలేదంటే కారణం ఎవరనుకున్నావు వదినా? నేనున్నానన్న భయం" అన్నాడు డెల్మర్ స్టకీ, మొక్కజొన్న రొట్టె మూడో ముక్క నోట్లో పెట్టుకుంటూ.

ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాక అతను పోస్టులో డిటెక్టివ్ కోర్సు చదివాడు. సర్టిఫికెట్‌లో అతని పేరు తప్పు పడింది. ఆ పని ఎవరిదో ఇంకా పరిశోధిస్తూనే ఉన్నాడు.

వదిన వెల్డాకి వినే ఓపిక లేదు. ఎవరింట్లో వాళ్ళే కాపురముంటే పన్ను తగ్గిస్తారు కదా, ఆ హోమ్‌స్టెడ్ రాయితీకి మళ్ళీ దరఖాస్తు పెట్టమంటే పెట్టింది. అందులో ఇల్లు 412 కౌంటీ రోడ్డు. ఆవిడ డ్రైవింగ్ లైసెన్సులో మాత్రం రూట్ 3, బాక్స్ 88. ఇవాళ సాయంత్రం ఐదులోగా రెండూ ఒకే ఇల్లని రుజువు తేకపోతే రాయితీ రద్దని పన్నుల ఆఫీసు ఉత్తరం రాసింది. భర్త హోబర్ట్ పోయాక వచ్చే పింఛనుతో పూర్తి పన్ను కట్టడం ఆవిడ తరం కాదు. ఇల్లు అమ్ముకోవలసిందే.

"రెండూ ఈ ఇల్లే డెల్మర్. అంబులెన్సులు దారి తప్పుతున్నాయని ఇరవై ఏళ్ళ కిందట కౌంటీ వాళ్ళే పాత పోస్టు నంబర్లు తీసేసి, రోడ్డు పేరుతో కొత్తవి..."

"సాక్షి తొందరపడకూడదు" అన్నాడు డెల్మర్. "నీ పేరు పెట్టుకుని రూట్ మూడులో ఇంకొకత్తి కాపురం చేస్తోంది. రెండో వెల్డా."

"ఆవిడా నేనే నాయనా."

"నీ చేతే అలా అనిపిస్తోందంటే చూడు, ఎంత గట్టి పిండమో."

పన్నుల ఆఫీసులో పనిచేసే మిస్ ట్రెవీనోకి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది వెల్డా. "నేను నమ్ముతానమ్మా, ఫైలు నమ్మొద్దూ?" అంది ఆ అమ్మాయి. "నంబర్లు మార్చిన జాబితా వరదలో పోయింది. రెండు నంబర్లూ ఒకేచోట ఉన్నది ఏదైనా తెండి, చాలు." వెల్డా ఇంట్లో ఉన్న అట్టపెట్టెలన్నీ బోర్లించింది. పాత బిల్లుల మీద పాత నంబరు, కొత్త బిల్లుల మీద కొత్త నంబరు. రెండూ కలిసింది ఒక్కటీ లేదు.

"కాగితాలతో కేసులు తేలవు. నేరస్థురాలు ఇల్లు చూసుకోవడానికి వచ్చి తీరుతుంది" అని డెల్మర్ బాతులవేట కోటు వేసుకుని, టోపీ నిండా గడ్డి గుచ్చుకుని, గేటు బయట రోడ్డు వారగా, గుంజకి కొట్టిన పోస్టు డబ్బా ముందు పికప్ ట్రక్కు నిలిపి కూర్చున్నాడు. వెల్డా పక్క సీట్లో కూర్చుంది. ఆవిడ కారు బాగుచేయించడానికి ఇచ్చి ఉంది, ఆఫీసుకి వెళ్ళడానికి ఇతనే దిక్కు.

మూడున్నరకి ఎదురుగా ఒక కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. లోపలున్న ఆవిడ ఇంటివైపు పరీక్షగా చూసింది.

"వచ్చింది" అన్నాడు డెల్మర్ గొంతు తగ్గించి. "ముందుకెళ్ళి అడ్డం పెట్టేస్తాను. గట్టిగా పట్టుకో."

గేరు లాగాడు. పికప్ వెనక్కి దూకింది. ఏదో ఫెళ్ళున విరిగింది.

కారావిడ దిగివచ్చి అద్దం తట్టింది. "ఈ రూటులో పోస్టు పంచడానికి కొత్తగా వేశారండీ నన్ను. మీ ఉత్తరాలు ఎక్కడ పెట్టమంటారు? డబ్బా కూల్చేశారు కదా."

"పేరు?" అన్నాడు డెల్మర్.

"నాదా, డబ్బాదా?"

వెల్డా అప్పటికే దిగింది. పోస్టు డబ్బా గుంజతో సహా రోడ్డు మీద పడి ఉంది. 412 అని ఉన్న రేకు ఒక మేకు ఊడి పక్కకి తిరిగింది. దాని కింద ఎండ తగలని తెల్లరంగు మీద నల్లరంగు అక్షరాలు: రూట్ 3, బాక్స్ 88, హోబర్ట్, వెల్డా. హోబర్ట్ మహానుభావుడు పాతది చెరపకుండా దానిమీదే రేకు కొట్టేశాడన్నమాట. ఎనిమిదిని ఒకదానిమీద ఒకటి రెండు సున్నాలుగా పేర్చడం ఆయనకే చెల్లింది. వెల్డా రోడ్డు మీదే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

ఐదుకి పది నిమిషాలుందనగా డబ్బాని కౌంటర్ మీద పెట్టారు. మిస్ ట్రెవీనో రేకు చూసింది, కింద రాత చూసింది, డెల్మర్ టోపీలోని గడ్డి కూడా చూసింది.

"ఫైల్లోకి నకలు కావాలి" అంది. డబ్బాని ఎత్తి ఫోటోకాపీ మిషను మీద పడుకోబెట్టింది. మొదటిసారి సరిగ్గా రాలేదు. రెండోసారికి రెండు నంబర్లూ పడ్డాయి. కాగితం మీద ముద్ర కొట్టింది.

"నకలు మాకు చాలమ్మా, మీ రాయితీ ఉంటుంది. అసలుది మీరే జాగ్రత్తగా దాచుకోండి."

ఇంటికి వస్తుంటే వెల్డా డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డెల్మర్ గడ్డి టోపీ తీసి పక్కన పెట్టాడు.

"రెండో వెల్డా తప్పించుకుంది వదినా. నా పరువు పోయింది."

"తప్పించుకోలేదులే" అంది వెల్డా, నల్లరంగులో పక్కపక్కనే ఉన్న రెండు పేర్ల మీద వేలు రాస్తూ. "ఆవిడ మీ అన్నయ్యతోనే ఉంది. ఇక ఆ ఇంట్లోంచి ఆవిణ్ణి ఎవరూ లేపలేరు."