కిటికీ పడని గోడ

ఆ బుధవారం పొద్దున చంద్రకాంతమ్మ వంటింటి పడమటి గోడ మీద బొగ్గుతో రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు గీసింది. పదకొండేళ్ల కిందట రావలసిన కిటికీ అది. గృహప్రవేశం నాటికి వడ్రంగి చట్రం తేలేదు. ఆ ముహూర్తం దాటితే మళ్లీ ఆరునెలల దాకా లేదన్నాడు పురోహితుడు. గోడలో బొక్క పెట్టుకుని పాలు పొంగించడమేమిటని భర్త చెంగల్రాయుడు "ఇప్పటికి మూసెయ్ మేస్త్రీ, తర్వాత కొట్టించుకుందాం" అన్నాడు. నాలుగో రోజుకు చట్రం వచ్చింది. అప్పటినుంచీ పెరట్లో దాని మీద వడియాల గుడ్డ పరుస్తున్నారు. వంటింట్లో చంద్రకాంతమ్మ పట్టపగలు బుడ్డి వెలిగించుకుని, పొగలో దగ్గుతూ వండుతోంది. ఇంకో ఏడాది ఇట్లాగే ఉంటే చూపు దక్కదని కంటి డాక్టరు చెప్పాకే చెంగల్రాయుడు మేస్త్రీకి కబురు పెట్టాడు.

మునివెంకటప్ప మేస్త్రీ సుత్తి, ఉలి పట్టుకుని వచ్చేసరికి చెంగల్రాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. మున్సిపాలిటీలో ప్లాన్లు గీసే ఉద్యోగం అతనిది. పేరుమోసిన ఆర్కిటెక్టు దైవశిఖామణి పోయి ఏడాదయింది. ఆయన తిరుపతి చుట్టుపక్కల కట్టిన భవనాలన్నీ చూసి పుస్తకం వేయడానికి మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు, ఒక శిష్యురాలు వ్యానులో దిగారు. వాటిని చూపించే పని పై అధికారి చెంగల్రాయుడికి అప్పజెప్పాడు.

"నువ్వు గూడా రా. వాళ్లల్లో ఆడపిల్ల ఉండాది. ఆ పులిహోర క్యారియరు తీసుకో."

"మేస్త్రీ దగ్గర ఎవురుంటారు?"

"గీత గీసినావు గదా. దాని మీద కొట్టేదానికి నువ్వెందుకే?"

"పోయిరామ్మా," అన్నాడు మేస్త్రీ. "నువ్వొచ్చేతలికి నీ పొయ్యి మీద ఎండ పడతా ఉంటాది."

ఆ మాటతో ఆమె వ్యాను ఎక్కింది.

మొదటిది స్టేషను దగ్గరి సత్రం. నలువైపులా కమానులతో గాలి ఆడే వసారా దానికి పేరు తెచ్చిందట. ఇప్పుడు కమానుకూ కమానుకూ మధ్య గోడ లేపి పద్నాలుగు గదులు చేశారు. "కొండకు వచ్చినోళ్లకు గాలి ఎందుకు సార్, గది కావాల గానీ!" అన్నాడు మేనేజరు.

రెండోది అలిపిరి దారిలో హాస్టలు. ఆ మహానుభావుడు వన్నె చూసి ఏరించిన రాతికంతా గులాబీరంగు పెయింటు కొట్టారు. ప్రొఫెసరు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఆయన్ను ఓదార్చే హడావిడిలో ఉండగా కోతులు క్యారియరు మూత తీసేశాయి. పులిహోర మొత్తం చెట్టెక్కింది.

మూడోది సినిమా హాలు. అది ఎండుమిరపకాయల గోడౌను అయి ఆరేళ్లయింది. లోపలికి తొంగిచూసిన ప్రొఫెసరు బయటికి వచ్చి కళ్లు తుడుచుకున్నాడు. అది మిరపకాయల ఘాటో దుఃఖమో శిష్యురాలికి తెలియలేదు.

"మీ ఊరు ఆయన మీద పగబట్టిందండీ," అన్నాడు. "చెయ్యి పెట్టకుండా వదిలింది ఒక్కటీ లేదా?"

ఆకలి మీదున్న చెంగల్రాయుడికి ఊరి పరువంతా తన మీద పడినట్టయింది.

"ఒకటుండాది సార్. మా ఇల్లే! పెద్దాయనే గీసిచ్చినాడు. ఈనాటికీ ఒక్క ఇటుక కదల్చలేదు. భోజనం గూడా ఆడే చేద్దురు గానీ!"

వ్యాను ఎక్కాక చంద్రకాంతమ్మ భర్త ముఖంలోకి చూసింది. అతను కిటికీలోంచి కొండలు చూస్తున్నాడు.

"ఏమండీ," అంది మెల్లగా, "ఇటుకలు ఈపాటికి..."

"నువ్వు గమ్మునుండు."

వాళ్లు వెళ్లేసరికి గోడలో గుమ్మడికాయంత కంత పడింది. అందులోంచి ఎండ నేరుగా పొయ్యి మీద వాలి ఉంది. మసిబట్టిన గూట్లో ఎప్పుడో పోయిందనుకున్న వెండి ఉగ్గుగిన్నె తళుక్కుమంది. చంద్రకాంతమ్మ అటు అడుగు వేసిందో లేదో, ప్రొఫెసరు కేక పెట్టాడు.

"ఆపు! ఆపవయ్యా! ఎవరు చెప్పారు నీకు?"

"మా ఆడమనిషి సార్," అన్నాడు చెంగల్రాయుడు వెంటనే. "తెలీక మొదలుపెట్టించింది."

ప్రొఫెసరు ఆ గోడను అరచేత్తో తడిమాడు. "చూశావా అమ్మాయీ? మూడు గదుల్లో వెలుతురు పోసి, ఇక్కడ ఆపేశాడు. వంటిల్లంటే గర్భగుడి. లోపల దీపం ఒక్కటే వెలగాలి. ఎంత ధైర్యం!" శిష్యురాలు రాసుకుంది.

"ధైర్యం కాదు సార్," అంది చంద్రకాంతమ్మ. "పెద్దాయన కిటికీ గీసినాడు, చట్రం రాలేదు. ముహూర్తం పోతాదని మూసినారు. ఆ చట్రం పెరట్లోనే ఉండాది, చూపిస్తాను రండి."

ప్రొఫెసరు జాలిగా నవ్వాడు. "గొప్పవాళ్ల పని అర్థం కానప్పుడు ఇళ్లల్లో ఇలాంటి కథలే పుడతాయమ్మా."

"కతేంది సార్! ఈ గోడ కట్టింది ఈ మునెంకటప్పే, అడగండి!"

ప్రొఫెసరు గిరుక్కున తిరిగాడు. "నువ్వా? అంటే పెద్దాయన దగ్గర పనిచేశావన్నమాట!"

మేస్త్రీ ఆమె వైపు చూశాడు. శిష్యురాలు అప్పటికే అతని ముఖానికి కెమెరా గురిపెట్టింది. మునివెంకటప్ప తలగుడ్డ సర్దుకున్నాడు.

"చేసినాను సామీ," అన్నాడు. "చానా మంచోడు."

గోడ ముందు అతనివి ఆరు ఫోటోలు తీశారు. భోజనాలయ్యాక వ్యాను అటు కదలగానే చంద్రకాంతమ్మ సుత్తి తీసి అతని చేతికిచ్చింది.

"వాళ్లు పోయినారు. కొట్టు."

మేస్త్రీ సుత్తి కింద పెట్టాడు. "వద్దమ్మా. పెద్దాయన పని. నా చేత్తో నేను చెడగొట్టలేను."

"ఎవురి పనిరా? నువ్వు కట్టినావు!"

"అందుకేనమ్మా," అని అతను సున్నం కలపడానికి కూర్చున్నాడు. పొద్దు వాలేలోగా కంత పూడిపోయింది. చెంగల్రాయుడు పక్కన నిలబడి, అతుకు కనపడకుండా మెత్తించాడు.

ఎనిమిది నెలలకు మద్రాసు నుంచి పుస్తకం వచ్చింది. నూట పన్నెండో పేజీలో ఆ గోడ, దాని పక్కన రొమ్ము విరుచుకుని మేస్త్రీ. కింద ఇంగ్లీషులో ఉన్నదాన్ని చెంగల్రాయుడు వీధరుగు మీద కూర్చుని నలుగురికీ తెలుగులో చెప్పాడు: "ఇల్లాలి తెలివితక్కువ వల్ల దెబ్బతినబోయి, ఇంటాయన ముందుచూపుతో దక్కిన గోడ."

అందరూ వెళ్లాక చంద్రకాంతమ్మ పుస్తకం తీసుకుని వంటింట్లోకి వెళ్లి ఆ పేజీ తెరిచింది. ఆ చీకట్లో బొమ్మ కన్నూ ముక్కూ ఏమీ తెలియక, గోడ చూసుకోవడానికి దాన్ని మళ్లీ వీధిలోకి తెచ్చుకుంది.