ఆరు నెలల యాత్రకు ఒక కాగితం తక్కువ

ఆ మంగళవారం ఉదయం మైలెన్‌కు ఉన్న పని ఒక్కటే. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి అమ్మమ్మా తాతయ్యల పెళ్ళి సర్టిఫికెట్టు నకలు తీసుకుని, తొమ్మిదింటికల్లా తను పనిచేసే మందుల షాపు తెరవాలి. పది నిమిషాల పని అనుకుంది.

మైలెన్‌కు ఇరవై నాలుగేళ్ళు. వీపున ఒక సంచీ తగిలించుకుని ఆరు నెలలపాటు యూరప్ అంతా చుట్టి రావాలని ఆమె కోరిక. పదిహేడు దేశాలు. రాత్రి బస్సుల్లో నిద్రపోతే గది అద్దె మిగులుతుంది. ఎనిమిదిమంది ఒకే గదిలో పడుకునే బసలు చౌక, అందులో పై మంచం మరీ చౌక. రొట్టె, జున్ను, టమాటాతో పూట గడిచిపోతుంది. ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఒంటరిగా వెళ్ళాలి. వాళ్ళ ఊరు కొలోనియా లూసెరాలో తల్లి వైపు బంధువులే ఇరవై ఏడుగురు. ప్రతి ఆదివారం అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటారు. స్నానానికి వెళ్ళి వస్తే ఇంతసేపేమిటని ముగ్గురు అడుగుతారు. ఎవరూ ఏమీ అడగని చోట ఆరు నెలలు బతకాలని ఆ పిల్లకు ప్రాణం కొట్టుకుపోతోంది.

చిక్కల్లా ఏమిటంటే, అర్జెంటీనా పాస్‌పోర్టు మీద అక్కడ మూడు నెలలకు మించి ఉండనివ్వరు. తాతయ్య ఒరెస్తే వాళ్ళ నాన్న ఇటలీ నుంచి వచ్చినవాడు. ఆ వంశం రుజువు చేసుకుని ఇటలీ పాస్‌పోర్టు తెచ్చుకుంటే ఎన్నాళ్ళయినా ఉండొచ్చు. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమంది చేస్తున్న పనే అది. కాన్సులేటులో తేదీ కోసం మైలెన్ మూడేళ్ళు ఎదురుచూసింది. ఆ తేదీ ఈ నెల ఇరవై రెండు. ఆ రోజు ఒక్క కాగితం తగ్గినా ఫైలు చేతికిచ్చి పంపేస్తారు, మళ్ళీ మూడేళ్ళు ఆగాలి. ముత్తాత పుట్టిన కాగితం సముద్రం దాటి ఎప్పుడో వచ్చేసింది. మిగిలింది వీధి చివర దొరికే ఈ ఒక్కటే.

దారిలో గొట్టంతో పీల్చే మాతే ఆకుల టీ తాగడానికి అమ్మమ్మ ఇంట్లో ఆగి ఈ సంగతి చెప్పేసరికి, గొట్టం నోట్లో పెట్టుకున్న ఒరెస్తేకు పొలమారింది. ఎనభై మూడేళ్ళ మనిషి ముఖం కందగడ్డలా అయిపోయింది. అమ్మమ్మ నెల్డా లేచి వీపు మీద నాలుగు చరిచింది.

"నువ్వెందుకే తల్లీ, షాపు మానుకుని వెళ్ళడం? నేను తెచ్చి పెడతాలే," అన్నాడు ఊపిరి తిరిగాక.

లేచి మంచినీళ్ళు కూడా తెచ్చుకునే రకం కాదు ఆయన. అయినా మైలెన్ సంబరపడి తాతయ్యకు ముద్దుపెట్టి వెళ్ళిపోయింది.

మంగళవారం ఆఫీసు మూసేశారన్నాడు. బుధవారం బీరువా తాళం ఉన్నామెకు నడుము పట్టేసిందన్నాడు. గురువారం ఆ ఏడాది పుస్తకాన్ని ఎలుకలు కొట్టేశాయేమోనని అనుమానం వెలిబుచ్చాడు. ఆ సాయంత్రం మనవరాలిని పాలషెడ్డు వెనక్కి పిలిచి, ఆరు నెలలు అక్కడ చేసేదేముంది, మూడు నెలలు చాలవా అని అడిగాడు. కావాలంటే మచ్చల పెయ్యను అమ్మి డబ్బిస్తాను, ఆ మూడు నెలలూ దర్జాగా తిరిగి రా అన్నాడు. పొట్లాలకు కట్టి వచ్చిన దారాన్ని కూడా చుట్ట చుట్టి దాచే మనిషి పెయ్యను అమ్ముతాననేసరికి మైలెన్‌కు అనుమానమొచ్చింది. ఇందులో ఏదో ఉందని మర్నాడు తనే వెళ్ళింది.

రిజిస్ట్రారు పాచెకో మర్యాదస్తుడు. 1960 పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు. ఎందుకైనా మంచిదని ముందు ఏడాదీ తర్వాతి ఏడాదీ కూడా తిప్పాడు. రాష్ట్రం మొత్తం రికార్డులు కంప్యూటర్లో వెతికాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ అమ్మ పుట్టినట్టు ఉందమ్మా. మీ మామయ్యలిద్దరూ పుట్టినట్టూ ఉంది. పెళ్ళయినట్టు మాత్రం ఎక్కడా లేదు."

పాచెకో గొంతు తగ్గించి, ఆ రోజుల్లో మన దేశంలో విడాకులు లేవు కదా, ఎక్కడో ఒకచోట ముందే పెళ్ళయినవాళ్ళు రెండోసారి రిజిస్టరు చేయించుకోలేకపోయేవారు, మీ తాతగారి గురించి అంటున్నాననుకోవద్దు అన్నాడు. ఆయన అన్నది సరిగ్గా తాతగారి గురించేనని ఆఫీసులో బంట్రోతుకు కూడా అర్థమైంది.

మైలెన్ ఈ మాట వాళ్ళమ్మ గ్రిసెల్డాకు ఒక్కదానికే చెప్పింది. గ్రిసెల్డా తన పిన్ని దెల్సియాకు ఒక్కదానికే చెప్పింది. నెల్డాకు చెల్లెలైన ఈ దెల్సియా కూడా ఎవరికి చెప్పినా ఒక్కొక్కరికే చెప్పింది. ఆ ఊళ్ళో రహస్యమంటే విడివిడిగా చెప్పాల్సిన సంగతి. శనివారం పదిగంటలకల్లా ఒరెస్తేకు రొసారియో పట్నంలో ఇంకో భార్య ఉందని ఊరంతా తెలిసిపోయింది. పన్నెండుకు ఆమెకు ఇద్దరు కొడుకులు పుట్టారు. రెండింటికి పెద్దవాడు పళ్ళ డాక్టరయ్యాడు. ఎప్పుడో పశువుల సంతకని వెళ్ళిన ఒరెస్తే రెండు రోజులకు బదులు నాలుగు రోజులుండి వచ్చాడని ఎవరో గుర్తుచేశారు, దాంతో ఇక సందేహాలన్నీ తీరిపోయాయి.

నెల్డాకు సంగతి రొట్టెల కొట్లో తెలిసింది. కొట్టు యజమానురాలు అడక్కుండానే ఆరు తీపి రొట్టెలు పొట్లం కట్టి, డబ్బులొద్దంటూ చెయ్యి పట్టుకుని, పళ్ళ డాక్టరు ముఖమన్నా చూశావా అక్కా అని కళ్ళు ఒత్తుకుంది. నెల్డా పొట్లం తీసుకుని తిన్నగా ఇంటికి వచ్చి, మొగుడి పరుపు లాక్కెళ్ళి ట్రాక్టరు పక్కన పడేసింది. ఒక్క మాట కూడా అడగలేదు. అడిగితే బాగుండునని ఒరెస్తే ఆ రాత్రంతా డీజిలు వాసనలో అనుకున్నాడు.

ఆదివారం బల్ల చుట్టూ ఇరవై ఏడుగురూ వచ్చారు. ఒక్కరు కూడా మానలేదు. జున్ను కూరి ఉడికించిన రవియోలీల పళ్ళెం ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్తోంది కాని ఎవరి నోట్లోకీ వెళ్ళడం లేదు. మైలెన్ తల దించుకు కూర్చుంది. ఇదంతా తన పాస్‌పోర్టు వల్ల వచ్చిందని ఆమెకు ఏడుపొస్తోంది. ఇరవై రెండో తేదీకి ఎనిమిది రోజులే ఉందని గుర్తొచ్చి ఇంకా ఏడుపొస్తోంది. చివరికి దెల్సియాయే నోరు తెరిచింది.

"ఆవిడ పేరేంటి బావా?"

ఒరెస్తే ఫోర్కు కింద పెట్టాడు. మరదల్ని చూడలేదు, నెల్డానే చూశాడు.

"రెండో పెళ్ళాం అంటూ లేదు నెల్డా. ఆ మాటకొస్తే… మొదటి పెళ్ళాం కూడా లేదు."

ఒరెస్తే యాభైతొమ్మిదేళ్ళ మాట ఒక్క గుక్కలో కక్కేశాడు. అప్పట్లో ఈ ఊరికి రిజిస్ట్రారు లేడు, పక్క ఊరి నుంచి పుస్తకం పట్టుకుని రావాలి. ఆ రోజు కుంభవృష్టి కురిసి దారి కొట్టుకుపోయింది. రెండు వందలమంది చుట్టాలు వచ్చేశారు, దూడ మాంసం కాలుతోంది, ఫాదరుకు ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉంది. సోమవారం వెళ్ళి సంతకాలు పెట్టేస్తామని ఒరెస్తే చర్చిలో ప్రమాణం చేస్తే ఫాదరు నమ్మి పెళ్ళి కానిచ్చేశాడు. బిగుతు చెప్పులు నొక్కేస్తుంటే నెల్డా, ఫాదరు చూపించిన చోటల్లా సంతకం పెట్టేసి, ప్రభుత్వం పుస్తకం కూడా అందులోనే ఉందనుకుంది. సోమవారం గోధుమ కోతలు మొదలయ్యాయి. తర్వాత పిల్ల పుట్టింది. పిల్ల పుట్టాక చెప్పడం ఎలా అనుకున్నాడు. ఇద్దరు పుట్టాక మరీ ఎలా అనుకున్నాడు.

గ్రిసెల్డా ఊళ్ళో పిల్లలకు క్రైస్తవ నీతిపాఠాలు చెబుతుంది. "అయితే నేను…" అని మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది. దెల్సియాకు పళ్ళ డాక్టరు లేడన్న బాధ ముఖంలోనే కనిపించింది. నెల్డా మాత్రం రవియోలీ వడ్డించుకుని, ఆ రోజు బల్ల మీద మొదటి ముద్ద తిన్నది.

అందరూ తేరుకున్నాక దారి సులువుగానే దొరికింది. ఇప్పుడు రిజిస్టరు చేయించుకుంటే సరి. పెళ్ళి తేదీ ఎంత కొత్తదైనా కాగితం కాగితమేనని, శుక్రవారం పదింటికి రమ్మని పాచెకో అన్నాడు. పెళ్ళికి ముందు రక్తపరీక్ష చట్టం కాబట్టి ఎనభై మూడేళ్ళ పెళ్ళికొడుకు ఆస్పత్రిలో ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ వెనక వరసలో నిలబడ్డాడు. కొత్త కోటు కుట్టించాడు. విందుకు దూడను కూడా మాట్లాడారు. మైలెన్ ప్రాణం కుదుటపడి నోటు పుస్తకం మళ్ళీ తెరిచింది.

వారమంతా నెల్డా ఎక్కువ మాట్లాడలేదు. ఒక సాయంత్రం మాత్రం మనవరాలి పక్కన కూర్చుని పుస్తకంలో ఆ ఊళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివించుకుంది.

"మా పెళ్ళయిన సాయంత్రం నేనేం చేశానో తెలుసా? ఆ తెల్ల చెప్పులతోనే నలభై ఆవుల పాలు పితికాను. మర్నాడూ అదే పని," అంది.

పాత రోజులు తలుచుకుంటోందనుకుని మైలెన్ అమ్మమ్మ భుజం మీద తల వాల్చింది.

శుక్రవారం ఆఫీసులో జనం పట్టలేదు. కిటికీల్లోంచి కూడా తొంగి చూస్తున్నారు. పాచెకో చట్టంలోని వాక్యాలు చదివి, ఈమెను భార్యగా స్వీకరించడానికి సమ్మతమేనా అని అడగబోతుండగానే ఒరెస్తే సమ్మతమన్నాడు. నవ్వులయ్యాక పాచెకో నెల్డా వైపు తిరిగాడు.

"చెప్పే ముందు ఒక మాట అడగాలయ్యా," అంది నెల్డా. "నేను కాదంటే పిల్ల కాగితం ఆగిపోతుందా?"

పాచెకో కలం కింద పెట్టి, ఏదో తట్టినట్టు నెల్డా గుర్తింపు కార్డులో ఇంటిపేరు మళ్ళీ చూశాడు.

"మీ నాన్నగారు ఎక్కడ పుట్టారమ్మా?"

"అక్కడే, ఇటలీలో. వీళ్ళ నాన్న వచ్చిన ఓడలోనే మా నాన్నా వచ్చాడు. ఆయన పుట్టిన కాగితం ఆ ఊరి ముద్రతో సహా, పెళ్ళి కాగితంతో పాటు నా కుట్టుపెట్టెలో ఉంది."

మూడేళ్ళుగా ఇంటిల్లిపాదీ ఒరెస్తే వంశవృక్షం గోడకు తగిలించి చూస్తున్నారు. నెల్డా నాన్న ఎక్కడ పుట్టాడని ఒక్కరూ అడగలేదు. మైలెన్ సిగ్గుతో చితికిపోయింది.

నెల్డా వైపు నుంచి పెట్టుకుంటే పెళ్ళి కాగితంతో పనే లేదన్నాడు పాచెకో. గ్రిసెల్డా పుట్టిన కాగితంలో తల్లిగా నెల్డా పేరుంది, అది చాలు. అసలు ముందు పాస్‌పోర్టు రావాల్సింది నెల్డాకే.

"అయితే సమ్మతం కాదు," అంది నెల్డా.

కిటికీలో ఎవరి చేతిలోంచో దంపతుల మీద చల్లడానికి తెచ్చిన బియ్యం పొట్లం జారి పడింది. ఒరెస్తే వినబడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"యాభైతొమ్మిదేళ్ళు అడక్కుండా కాపరం చేశావు. ఇవాళ మొదటిసారి అడిగావు. నేను ఆలోచించుకోవద్దూ?" అంది. కోపంగా అనలేదు, అందుకే ఒరెస్తేకు మరీ భయమేసింది. ఆమె మనవరాలి వైపు తిరిగి, "ఆ బసల్లో పై మంచం నువ్వెక్కు. నాకు మోకాళ్ళ నొప్పులు, కింది మంచం చాలు," అంది.

మైలెన్ రెండు రోజులు అన్నం తినలేదు. రెండేళ్ళు పైసా పైసా కూడబెట్టింది ఒంటరిగా తిరగడానికి. ఇప్పుడు పదిహేడు దేశాల్లో స్నానానికి ఇంతసేపేమిటని అడిగే మనిషి వెంట వస్తోంది. వద్దనడానికి నోరు రాలేదు. ఇరవై రెండో తేదీన కాన్సులేటు కిటికీలో ఇచ్చిన ఫైలు మీద మొదటి పేరు నెల్డాది, తనది మూడోది.

పాస్‌పోర్టులు వచ్చేలోపు ఆ నాలుగు నెలల్లో ఒరెస్తే చాలా మారాడు. రోజూ గడ్డం గీసుకున్నాడు. నీళ్ళు తనే మరిగించి మాతే తనే కలిపాడు. సాయంత్రం పూలు పట్టుకుని ముందు తలుపు తట్టాడు. నెల్డా ఇంట్లో ఉంటే తీసేది. పరుపు మాత్రం ట్రాక్టరు పక్కనే ఉంది.

బయల్దేరే రోజు బస్టాండుకు అందరూ వచ్చారు. ఒరెస్తే కొత్త కోటు వేసుకుని నెల్డా సంచీ తనే మోసుకొచ్చాడు. ఆమె వద్దన్నా బస్సులోకి ఎక్కించి, దిగి, కిటికీ కింద నిలబడ్డాడు. మైలెన్ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ ముసలాయన్ని అలా చూస్తుంటే ఆమెకు ఒంటరి యాత్ర చెడిందన్న కోపమంతా ఎటో పోయింది.

"తిరిగొచ్చాకైనా నన్ను చేసుకుంటావు కదా నెల్డా?" అన్నాడు.

నెల్డా ఆయన్ని టోపీ నుంచి బూట్ల దాకా, పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూసింది.

"అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెబుతాను," అంది. బస్సు కదిలింది.

నెల్డా పుట్టింట్లో ఆమెకన్నా పెద్దవాళ్ళెవరూ బతికి లేరన్న సంగతి, బస్సు మలుపు తిరిగాక గాని ఒరెస్తేకు గుర్తు రాలేదు.