ముప్పై అడుగుల మంత్రిగారు

"హైటెక్ సిటీలో మొట్టమొదటి కంప్యూటర్ బ్యానరు మన మంత్రిగారిదే!" అని లింగమూర్తి ప్రకటించగానే మాదాపూర్ కార్యకర్తలంతా చప్పట్లు కొట్టారు. ఆదివారం సభలో మంత్రిగారు సైబర్ అభివృద్ధి కమిటీ ఛైర్మన్ పేరు చెబుతారు. ఆ పేరు తనదే కావాలని లింగమూర్తి మూడేళ్లుగా కొత్త ఖద్దరు చొక్కా ఇస్త్రీ చేయించి దాచుకుంటున్నాడు.

ఫ్లాపీ పట్టుకొని ప్రింటింగ్ షాపుకు వెళ్లాడు. అందులో ఇంటర్నెట్ నుంచి దించిన మంత్రిగారి ఫొటో గోరంత ఉంది. డిజైనర్ రేఖ తెరమీద చూసి నొసలు చిట్లించింది.

"ఫొటోల అడ్డంగ ముప్పై చుక్కలు, నిలువుగ నలభై. ఇంతే ఉన్నయి సార్. ముప్పై అడుగుల వెడల్పుకు సాగదీస్తే ఒక్కో చుక్క అడుగు పలక అయితది."

"తక్కువ పడ్డయా? ఎన్ని కావాలెనో రాసియ్యమ్మా, మంత్రిగారి పేషీల చెప్పి శాంక్షన్ చేయిస్త."

"శాంక్షన్‌తోటి రావు సార్. ఫొటో తీసినప్పుడే ఉండాలె. నెగటివ్ ఉంటే తెండ్రి, పెద్దగ స్కాన్ చేస్త."

"నెగటివ్ బోరబండ స్టూడియోల ఉంది. హైటెక్ సిటీల స్టూడియో ఫొటో పెడితె నలుగురు నవ్వరా? కంప్యూటర్ల ఉన్నది ఎంత గుంజితె అంత పెరుగుతది. కొట్టు!"

ఇంతటి శాస్త్రీయ దృక్పథం ముందు రేఖ ఏమంటుంది? కొట్టింది.

ఆదివారం పొద్దున బ్యానరు లేచింది. భర్త ఘనత చూడ్డానికి వచ్చిన బుచ్చమ్మ మెడ ఎత్తి చాలాసేపు చూసింది.

"ఏందయ్యా, బాత్‌రూం పలకలు నిలబెట్టినవ్?"

లింగమూర్తి హడావిడిగా రేఖను పిలిపించాడు.

"జర దూరం పోయి చూడుండ్రి సార్."

భార్యాభర్తలిద్దరూ అర కిలోమీటరు నడిచి వెనక్కి తిరిగారు. అద్భుతం! జుట్టు, మీసం, చిరునవ్వు, అన్నీ ఉన్నాయి.

"దూరంకెల్లి మంత్రిగారే," అంది బుచ్చమ్మ. "దగ్గరికి పోతేనే ఎవ్వరు లేరు."

వేదికను అర కిలోమీటరు జరపమని లింగమూర్తి పోలీసుల కాళ్లావేళ్లా పడ్డాడు. సెక్యూరిటీ ఒప్పుకోదన్నారు వాళ్లు. వేదిక సరిగ్గా బ్యానరు కిందే ఉండిపోయింది.

మంత్రిగారు కారు దిగారు. తల పైకెత్తారు. ఛైర్మన్ పదవి గాలిలో కలిసిపోయిందనుకుని లింగమూర్తి కళ్లు మూసుకున్నాడు.

"ఎన్ని అంతస్తులండీ?" అన్నారు మంత్రిగారు.

లింగమూర్తి ఒక కన్ను తెరిచాడు. "నలభై సార్."

"పైన ఆ నల్లగా ఉన్నదేమిటి?"

అది మంత్రిగారి జుట్టు. "హెలిపాడ్ సార్."

"మధ్యలో తెల్లగా?"

అది చిరునవ్వు. "రిసెప్షన్ సార్. లోపలంతా ఏసీ."

"ఇదీ విజన్ అంటే!" అని మంత్రిగారు మైకు అందుకున్నారు. అక్కడికక్కడే టవరుకు కొబ్బరికాయ కొట్టి, లింగమూర్తిని కమిటీ ఛైర్మన్‌గా ప్రకటించారు.

వారం తిరక్కుండా ఇంజనీర్లు ఆ బ్యానరునే ప్లానుగా పరిశీలించి నివేదిక పంపారు. అంతా భేషుగ్గా ఉంది, ఒక్కటే అభ్యంతరం: ఎడమ పక్క ఆరు అంతస్తులు ఆధారం లేకుండా బయటికి పొడుచుకొచ్చాయి, వాటిని తొలగించాలి.

అది మంత్రిగారి చెవి. ఛైర్మన్ హోదాలో లింగమూర్తి మొదటి సంతకం ఆ ఫైలు మీదే పెట్టాడు.