పదిహేనూ అయిపోయాయి

గురువారం పొద్దున్న సెకండు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిలోపు ఏడో చాప్టర్ ముగించాలి, పదకొండుకి ఆన్‌లైన్ క్లాసులో కూర్చోవాలి, మధ్యాహ్నం ఎనిమిదోది మొదలుపెట్టాలి. సోమవారం పరీక్ష. గణాంక శాస్త్రం, రెండో సంవత్సరం, సిలబస్ పన్నెండు చాప్టర్లు.

ఆ అమ్మాయి అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. చేరినప్పటి నుంచి ప్రతి పరీక్షలోనూ రెండో ర్యాంకే రావడంతో క్లాసంతా సెకండు అని పిలిచేది. మొదటి ర్యాంకు ఎప్పుడూ ఒక్క అమ్మాయిదే, ఆమె ఫస్టు. కాలేజీ నడిచిన రోజుల్లో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. మహమ్మారి వచ్చి కాలేజీ మూతపడ్డాక, అవతలివాళ్ళు ఎంత చదువుతున్నారో కంటికి కనబడక, ఒకరి మీద ఒకరికి అనుమానం పెరిగి, ఆరు నెలలుగా మాటల్లేవు. పైగా ఈసారి మొదటి ర్యాంకు వచ్చినవాళ్ళకే వచ్చే ఏడాది పరిశోధన బృందంలో చోటు. ఉన్నది ఒక్కటే చోటు.

ఆ ఒక్క చోటు గురించి ఆలోచించకుండా ఉందామని సెకండు ఫోన్ తీసింది. అక్కడే పుట్టి మునిగింది. ఫస్టు స్టేటస్‌లో రెండే రెండు ముక్కలున్నాయి: “పదిహేనూ అయిపోయాయి. హమ్మయ్య!”

సెకండు నిటారుగా కూర్చుంది. తానింకా ఏడు దగ్గర దేకుతోంది. అదీకాక పదిహేనేమిటి? ఉన్నవి పన్నెండు కదా? పుస్తకం తీసి చివరికంటా తిప్పింది. పన్నెండు తర్వాత, ఇంతవరకూ ఎవరి వేలూ తగలని తెల్లటి పేజీల్లో, పదమూడు, పద్నాలుగు, పదిహేను దర్జాగా కూర్చుని ఉన్నాయి. పదమూడో చాప్టర్ మొదటి వాక్యం నాలుగుసార్లు చదివింది. నాలుగుసార్లూ నాలుగు రకాలుగా అర్థం కాలేదు.

సూటిగా ఎవరినైనా అడిగితే తనకు తెలియదని తేలిపోతుంది. అందుకని తెలివిగా, అందరూ రేడియో అని పిలిచే క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసింది. క్లాసులో ఎక్కడ చిటుక్కుమన్నా రేడియోకే ముందు తెలుస్తుంది. ఆ వెంటనే అందరికీ తెలుస్తుంది.

“ఏమే, మనకి సిలబస్ ఎన్ని చాప్టర్లే?”

“పన్నెండు.”

“పన్నెండేనా?”

“పన్నెండేనా అంటే? కాదా ఏంటి?”

“నేనేం అన్లేదే తల్లీ. ఊరికే అడిగా.”

“నువ్వెప్పుడు ఊరికే అడిగావు!” అని రేడియో ఠక్కున పెట్టేసింది.

ఇరవై నిమిషాల తర్వాత రేడియోనే మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి, “నీకొక్కదానికే చెప్తున్నా. సిలబస్‌లో మూడు చాప్టర్లు కలిపారట. బాగా చదివే ఒకళ్ళకి లోపల్నించి తెలిసిందట. పేరు మాత్రం అడక్కు” అంది.

ఆ ఒకళ్ళు తానే కావచ్చన్న ఆలోచన సెకండుకి రాలేదు. వచ్చి ఉంటే అందరూ ఆ పూట సుఖంగా అన్నం తినేవాళ్ళు. తన అనుమానానికి సాక్ష్యం దొరికిందనుకుని ఆమె మళ్ళీ పదమూడో చాప్టర్ తెరిచింది.

పది గంటలకల్లా క్లాసు గ్రూపు అట్టుడికిపోయింది. మూడు కాదు, రెండే కలిపారని ఒకడన్నాడు. పాత పన్నెండూ తీసేసి ఈ మూడే ఉంచారని ఇంకొకడు. మరొకమ్మాయి కొత్త చాప్టర్ల నోట్సంటూ ఏదో పంపింది. తెరిచి చూస్తే స్వెట్టర్ అల్లే పద్ధతి. కంగారులో పొరపాటు పడింది పాపం. అయినా ఎనిమిది మంది థాంక్స్ చెప్పారు.

పదకొండింటికి మేడమ్ క్లాసు తెరిచి ఉలిక్కిపడింది. ఏ రోజైనా ఆమెకు కనబడేది యాభై ఎనిమిది నల్లటి గళ్ళు. ఇవాళ యాభై ఎనిమిది ముఖాలు, కళ్ళార్పకుండా. ఆవిడ గబగబా జుట్టు సర్దుకుని, అలవాటుగా, “ఏమైనా సందేహాలా?” అంది.

“మేడమ్, పదమూడో చాప్టర్...” అన్నాడొకడు.

“పద్నాలుగు కూడా...” అంది ఇంకొకమ్మాయి.

“మీరంతా... అక్కడిదాకా వెళ్ళారా?” మేడమ్ ఆశ్చర్యంగా అడిగింది.

లేదంటే వెనకబడ్డట్టు. అందరూ తలలూపారు. పక్కవాళ్ళు ఊపడం చూసి సెకండు ఇంకాస్త గట్టిగా ఊపింది.

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ గదిలోకి వచ్చింది. ఆవిడ దర్జీ. దుకాణం మూతపడ్డాక ఇంట్లోనే మిషను పెట్టుకుని మందుల షాపుకి మాస్కులు కుడుతోంది. చేతిలో గుడ్డల మూట, చెవికీ భుజానికీ మధ్య ఫోన్. “పదిహేనూ ఇవాళే అయిపోతాయండీ! పన్నెండు పొద్దున్నే ముగించేశాం. ఆ మూడే మిగిలాయి. అవెంతసేపు, భోజనాల లోపు అయిపోవూ?”

“అమ్మా, మైకు!” అని సెకండు కెవ్వుమంది.

అప్పటికే యాభై ఏడు ముఖాలు పాలిపోయాయి. ఒకబ్బాయి తెర మీంచి నెమ్మదిగా కిందికి జారి మాయమయ్యాడు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “తల్లి దగ్గరుండి చదివిస్తుంటే పిల్లలు ఎందుకు పైకి రారు!” అంది.

“మాస్కులండీ, మాస్కులు!” అంది అమ్మ. ఆ మాట ఎవరికీ వినబడలేదు. కంగారులో సెకండు ఈసారి మైకు కట్టేసింది.

క్లాసు అయిన మరుక్షణం ఫోన్ మోగింది. ఫస్టు. ఆరు నెలల తర్వాత.

“నిజం చెప్పవే. పదిహేనూ చదివేశావా?” ఆమె గొంతు బొంగురుగా ఉంది.

“నేనా? చదివింది నువ్వు కదా! స్టేటస్‌లో పెట్టుకున్నావుగా, పదిహేనూ అయిపోయాయని!”

అవతల ముందు దగ్గు వినబడింది.

“అవి రోజులే. జ్వరమొచ్చి పదిహేను రోజులు గదిలో ఒక్కదాన్నే ఉన్నా. అమ్మ తలుపు బయట కంచం పెట్టి వెళ్ళిపోయేది. నిన్నటితో అయిపోయాయి. చదువంటావా, ఐదో చాప్టర్లోనే ఉన్నా.”

ఐదేనా, నేను ఏడులో ఉన్నాను, అని సెకండు మనసు ఎగిరి గంతేసింది. గంతేసిన మరుక్షణం సిగ్గుతో ముఖం వేడెక్కింది.

“నాకెందుకు చెప్పలేదే?”

“చెప్తే నువ్వింకా జోరుగా చదువుతావని.”

అది నిజమేనని సెకండుకి తెలుసు. చదివేది, సందేహం లేదు. చివరికి, “ఇప్పుడెలా ఉందే?” అని అడిగింది. పదిహేను రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి క్లాస్‌మేట్ నువ్వేనని ఫస్టు అనడంతో సెకండు కళ్ళు తుడుచుకుని, “ఆగు, ఈ గొడవంతా మేడమ్‌కి చెప్పేస్తా” అంది.

ఆలోపే నోటీసు వచ్చేసింది. విద్యార్థుల అసాధారణ ఆసక్తిని గౌరవించి, సోమవారం పరీక్షలో పదిహేను చాప్టర్లూ ఉంటాయని.

సెకండు మేడమ్‌కి ఫోన్ చేసి, స్టేటస్ దగ్గర్నుంచి మాస్కుల దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. అవతల తలుపు వేస్తున్న శబ్దం వినబడింది.

“అంటే ఆ మూడూ మీకెవ్వరికీ రావా?” మేడమ్ గొంతు తగ్గించి అడిగింది.

“రావండీ.”

“నాకూ రావమ్మా. తొమ్మిదేళ్ళుగా చెప్తున్నాను, పన్నెండు దాటి ఎప్పుడూ పేజీ తిప్పలేదు. మీరందరూ తలలూపేసరికి భయమేసింది. ఇందాకట్నుంచీ అదే ముందేసుకుని కూర్చున్నా. తలా తోకా తెలిసి చావట్లేదు.”

“అయితే తీసేయండి మేడమ్!”

“ఎలా తీసేది? మీ సంగతి నేను చెప్పగానే ప్రిన్సిపాల్‌గారు మురిసిపోయి నోటీసు పెట్టించి, మీ బ్యాచ్‌ని చూసి నేర్చుకోమని అన్ని డిపార్ట్‌మెంట్లకీ రాసేశారు. ఇప్పుడు అందరికీ పుస్తకం మొత్తం పెట్టేశారట.”

సెకండే, “నేనూ ఫస్టూ రేపు పొద్దున్న వీడియోలో కలిసి చదువుకుందామనుకుంటున్నాం మేడమ్. మీరు కూడా...” అని నసిగింది.

“ఎన్నింటికమ్మా?” అని వెంటనే అడిగింది మేడమ్.

శుక్రవారం పొద్దున్న ముగ్గురూ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఈసారి ఎవరికి ఏది రాదో ఎవరూ దాచలేదు. ఫస్టు దగ్గుతూనే ఒక లెక్క విప్పింది. సెకండు ఇంకొకటి విప్పింది. మేడమ్ బుద్ధిగా నోట్స్ రాసుకుంది. ఆదివారం మధ్యాహ్నం తమలో తాము ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నారు.

మేడమ్‌కి మూడో ర్యాంకు వచ్చింది.