రాబందుగారి బయోడేటా

ఒక పెద్ద అడవిలో, మరీ అనగనగా కాదు, మొన్నమొన్ననే, ఓ విశ్వవిద్యాలయం వెలిసింది. సింహంగారు వైస్ ఛాన్సలర్. నక్క రిజిస్ట్రారు. ప్రజారోగ్య శాఖకొకరు, మృగహక్కుల శాఖకొకరు కావాలని చాటింపు వేయించారు. పదేళ్ల అనుభవం తప్పనిసరి అన్నారు.

మొదట చిరుతపులి వచ్చింది.

"జింకల మధ్య ఇరవై ఏళ్లు పనిచేశాను" అంది.

"వాళ్ల దగ్గర్నుంచి ఫిర్యాదులేమైనా ఉన్నాయా?" అడిగింది నక్క.

"ఫిర్యాదు చేసేవాళ్లెవరూ మిగల్లేదండి."

సింహంగారు భేష్ అని హక్కుల శాఖ దాని చేతిలో పెట్టేశారు.

తర్వాత రాబందు వచ్చింది. "ముప్పై ఏళ్లుగా ఈ అడవిలో ఏ రోగంతో ఎవరు పోయినా ముందు చేరింది నేనే" అంది. బయోడేటా పదకొండు పేజీలు. నక్క దాన్ని చేత్తో తూచి చూసి ఆరోగ్య శాఖ ఇప్పించింది. అంత బరువున్నాక ఇంక చదవడం దేనికి చెప్పండి.

చివర్న ఓ జింక వచ్చింది.

"ఏటి మలుపు మడుగులో నీళ్లు తాగి నా పిల్లలిద్దరు పోయారు. ఇంకొక్కటే మిగిలింది. ఆ జబ్బుకి ఏ ఆకు పనిచేస్తుందో ఇప్పటికి తెలిసింది. నాకు ఉద్యోగం ఇవ్వకపోతే మానె, ఆ మడుగు చుట్టూ కంప వేయించండి బాబూ" అంది.

"అనుభవం?" అంది నక్క.

"ఇద్దరు పిల్లలు పోవడమేనండి."

"అది సొంత అనుభవం తల్లీ. మాకు వృత్తి అనుభవం కావాలి."

నాకైతే ఒళ్లు మండింది. కానీ నన్నడిగే నాథుడెవడు?

మడుగు మీద రాబందును నివేదిక అడిగారు. "మా వృత్తికి ఎంతో అనుకూలం" అని రాసిచ్చింది. పాపం, నిజమే రాసింది. సింహంగారు ఆఖరి మాట ఒక్కటే విని, ఆరోగ్య శాఖ ప్రారంభోత్సవం నాడు అందరి ముందూ ఆ నీళ్లు కడుపారా తాగారు. సాయంత్రానికి మంచం పట్టారు.

"ఆ జింకను పిలవండి, ఆకు తెమ్మనండి" అని మూలిగారు.

జింక జాలిపడి, పిల్లను పొదలో దాచి, ఆకు నోట కరుచుకుని వచ్చింది. గుమ్మంలో చిరుత ఎదురైంది.

"రా అమ్మా, లోపలికి రా. నీ హక్కులేమిటో నెమ్మదిగా వివరిస్తాను" అని మూతి నాక్కుంది.

జింక ఆకుతో సహా వెనక్కి పరిగెత్తి, పిల్లను తీసుకుని కొండ అవతలికి వెళ్లిపోయింది.

సింహంగారు కళ్లు తెరిచి చూస్తే పక్కన రాబందు ఒక్కటే కూర్చుని ఉంది.

"ఏదో ఒకటి చెయ్యవయ్యా" అన్నారు.

"తొందరేముందండి. నా అనుభవమంతా ఆ తర్వాతే కదా. మూడో పేజీలోనే రాశాను, తమరు చూడలేదా?"

నీతి: బయోడేటాలో అబద్ధాలు రాయడం శుద్ధ దండగ, నిజం రాసినా చదివేవాడు లేడు.